కాళ్లు వచ్చాక చేతులు

1986వ సంవత్సరం, మార్గశిర మాసం. మగ్గం గుంటలో దిగితే కాళ్లకు చలి తగిలే రోజులు. మా నేతపేట బడిలో నాలుగో తరగతికి ఆ ఏడే టీచరుగా వచ్చిన ఇందుమతి, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన పురుషోత్తం మాస్టారి ఇంటికి ఒక ఆదివారం పొద్దున ఒక ప్రశ్న పట్టుకుని వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన నడిపే రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాణ్ణి, తప్పులు చూపించుకుందామని పలక తీసుకెళ్లాను.

ప్రశ్న నా మనవరాలు కోటేశ్వరి గురించే. పిల్ల మాటల్లో చురుకే. కానీ నాలుగేళ్లుగా బడికి వస్తూ ఒక్క వరుస చదవలేదు. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ కొత్తగా చూస్తుంది. వీధిలో సైకిలు పోతే లేచి కిటికీ దగ్గరకు పోతుంది. ఇది మందబుద్ధా, క్రమశిక్షణ లేకపోవడమా అని ఇందుమతి అడిగింది. మాఘంలో తనిఖీకి అధికారి వస్తాడు, ఈలోగా పిల్ల పేరు రిజిస్టరులోంచి తీసేస్తే అందరికీ మంచిదేమో అంది. నేను అప్పటికే సరేనన్నాను. ఇంట్లో నూలు కండెలు చుట్టే చెయ్యి ఒకటి దొరుకుతుందనుకున్నాను.

మాస్టారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. "చెప్పులు వేసుకో" అని మాత్రం అన్నారు. ముగ్గురం మా ఇంటికి నడిచాం.

మగ్గం మీద పెళ్లివారి చీర సగం అయి ఉంది. ఆయన ఇందుమతిని గుంటలో దిగి కూర్చోమన్నారు. నన్ను పక్కకు పిలిచి, నేత ఎలాగో ఒక్కసారే గబగబా చెప్పమనీ, మళ్లీ అడిగితే విసుక్కోమనీ అన్నారు. చీర పాడవుతుందని నేను మొండికేశాను. ఆయన నాకంటే మొండి. చివరికి చెప్పాను: కుడికాలు తొక్కు, నాడె విసురు, పేక కొట్టు, ఎడమకాలు తొక్కు, ఆ పక్కనించి విసురు.

ఇందుమతి కాళ్లు చూసుకుంటే చేతులు ఆగిపోయాయి. చేతులు చూసుకుంటే కాళ్లు తారుమారయ్యాయి. పేక దారం మోసే నాడె ఎగిరి వాకిట్లో పడింది. పడుగులో పదకొండు పోగులు తెగాయి. గుమ్మంలో చేరిన ఆడవాళ్లు నవ్వారు. బి.ఎడ్. పాసైందటమ్మా అని ఒకామె మెల్లగానే అన్నా అందరికీ వినపడింది. చీర పాడైందని నాకు కోపం వచ్చి, ఇందుమతి రోజూ నా మనవరాలిని అనే మాటే ఆమెను అన్నాను.

"మనసు ఎక్కడ పెట్టుకున్నావు టీచరమ్మా?"

ఇందుమతి ముఖం ఎర్రబడింది. "పెట్టే ఉన్నాను తాతా. అది ఒక్కచోటే నిలుస్తోంది" అంది. అంటూనే ఎందుకో మాస్టారి వైపు చూసింది. ఆయన మా ఇంటి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు.

మూలన కండెలు చుడుతున్న కోటేశ్వరి లేచి వచ్చి గుంట పక్కన గొంతుక్కూర్చుంది. ఒక ఎర్రగుడ్డ పీలిక తెచ్చి కుడికాలి కింది చెక్కకు కట్టింది. టీచరు పాదం మీద తన చెయ్యి వేసి నొక్కింది. "ఇప్పుడు ఎర్రది. ఇప్పుడు రెండోది. చేతుల సంగతి మర్చిపో టీచర్. కాళ్లు వచ్చాక చేతులు."

మధ్యలో రెండుసార్లు లేచి మేకపిల్లను చూసి వచ్చింది. వచ్చి, వదిలిన చోటే పట్టుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండు వేళ్ల వెడల్పున గుడ్డ దిగింది. వంకరే, కానీ గుడ్డే. ఆ తర్వాత నేను వేళ్లకు బూడిద అద్దుకుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతుంటే, ఇందుమతి పదకొండోది అయ్యేదాకా కదలకుండా చూసింది.

మర్నాటినుంచి ఆమె కోటేశ్వరికి ఒకసారికి ఒకే అక్షరం ఇచ్చింది. ముందు ఇసుకలో వేలితో, తర్వాత అట్టమీద అక్షరంలా అంటించిన దారం తడిమి, ఆఖరున పలకమీద. పుస్తకంలో వరుసలు కలిసిపోతున్నాయంటే, ఒక్క వరుసే కనపడేలా అట్టముక్కకు సందు కోసి ఇచ్చింది. పిల్ల లేవకుండా ఉండలేదు కనుక లేచే పనులన్నీ దానికే అప్పగించింది: గంట కొట్టడం, కుండలో నీళ్లు నింపడం, బోర్డు తుడవడం. నేనూ ఒక అట్టముక్క కోసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మాఘంలో అధికారి వచ్చాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కోటేశ్వరి లేచి, పుస్తకం మీద అట్టముక్క ఆనించి, వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. రెండో వరుస దగ్గర ఆగింది. అధికారి చాలు కూర్చోమన్నాడు. అది కూర్చోలేదు. అట్ట మళ్లీ సరిచేసుకుని పేజీ చివరిదాకా చదివింది. ఆఖరి మాటకు తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. అధికారి చెయ్యెత్తినా ఆగలేదు. కిటికీ బయట నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం ఇందుమతి నవ్వుతూ, తన ప్రశ్నకు మాస్టారు ఇంతవరకూ జవాబు చెప్పలేదని గుర్తుచేసింది.

"గుంటలోంచి లేచిననాడే ఆ ప్రశ్నను అక్కడ వదిలేశావనుకున్నానమ్మా" అన్నారాయన.

ఒక్కో అక్షరానికి పట్టిన పొద్దువల్ల, తనిఖీనాటికి కావాల్సిన చివరి మూడు పాఠాలు నాలుగో తరగతికి జరగలేదు. అధికారి ఆ మాట ఇందుమతి సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో రాసి వెళ్లాడు.