కనబడని ఎరుపు

భ్రమరాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కుర్చీలోంచి లేచి, "పద, చూద్దాం" అంటారు. వాదించడానికి వచ్చినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు. వాడు మాటలన్నీ నూరి పెట్టుకుని వస్తాడు. అవతలి మనిషి రంగం వదిలేసి తాపీగా వీధిలోకి నడుస్తుంది. విశాఖపట్నంలో ఉప్పునీటి తొట్లు పెట్టి సముద్రపు చేపలు పెంచుకునేవాళ్ళలో చాలామంది ఏదో ఒక రోజు అలా నోరు మూసుకుని ఆమె వెనక నడిచినవాళ్ళే. ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు పెదవాల్తేరులో తన ఇంట్లోనే, నీళ్ళలో ఉప్పు ఎంత కలపాలన్న దగ్గర్నుంచి ఆ విద్య నేర్పుతారు. నేర్చుకునేవాళ్ళు ఆమెని మేడమ్ అంటారు. వాళ్ళ వినయం చూస్తే గురువు అన్న మాటే సరిపోతుంది.

ఆ శిష్యుల్లో చక్రధర్ ఒకడు. పళ్ళ డాక్టరు. ఒకనాడు సాయంత్రం ఎండ తగ్గకుండానే వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా అడిగాడు.

"మేడమ్, నా ఇంట్లో ఉన్నది నాకే కనబడకపోతే, అది నాకు ఉన్నట్టా, లేనట్టా?"

ఆమె తొట్టి మూతకి పేరుకున్న ఉప్పు గీకుతున్నారు. తలెత్తకుండానే, "ఎవరు, మీ ఆవిడా?" అన్నారు.

"చేప, మేడమ్."

ఆ చేప సంగతి ముందు చెప్పాలి. ఏంజెల్ చేపల్లో చాలా రకాలు పగడపు దిబ్బల మీద, ఎండ తగిలేచోట షికార్లు చేస్తుంటాయి. ఇది ఆ కోవలోది కాదు. పసిఫిక్ సముద్రంలో, సూర్యుడు వట్టి నీలంగా మిగిలే లోతులో, రాతి చూరుల కింద ఉంటుంది. ఎర్రటి ఒళ్ళు, మీద తెల్లటి పట్టీలు. దాన్ని పట్టాలంటే మనిషి అక్కడికి దిగాలి. దిగి పడితే పని అయిపోదు, బతికించి పైకి తేవాలి. ఒక్కసారిగా లాగితే దాని కడుపులో ఉన్న గాలితిత్తి ఉబ్బి చస్తుంది. అందుకని చిల్లుల బుట్టలో పెట్టి తాడు కడతారు. కొంత లేపి ఆపుతారు, ఇంకొంత లేపి మళ్ళీ ఆపుతారు. అటు అడుగూ కాక, ఇటు వెలుగూ కాక, నడిమి నీళ్ళలో వేలాడుతూ అది తనది కాని సముద్రానికి కొంచెం కొంచెంగా ఒప్పుకోవాలి. ఆ తొందరలేనితనం చేతకాక చేపని చంపుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

చక్రధర్ దాని ఫోటోని పెళ్ళికి ముందెప్పుడో చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు. రోగి నోరు తెరుచుకుని ఎదురుచూస్తుంటే, ఇతను చిగుళ్ళ ఎరుపు చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయేవాడని అతని భార్య స్వరూప నలుగురిలో చెప్పి నవ్వుతుంది. ఎందరో దళారుల్ని బతిమాలాడు. ఒక చేప దారిలోనే చచ్చిపోతే, కబురు వచ్చిన రోజు అన్నం తినలేదు. చివరికి ఒకటి ప్రాణంతో వచ్చింది. దాని కోసం నీళ్ళు చల్లబరిచే యంత్రం పెట్టాడు, రాళ్ళు పేర్చి గుహలు కట్టాడు. ఆ ఎరుపు ఎర్రగా కనబడాలని తొట్టి మీద పట్టపగల్లాంటి తెల్లటి లైట్లు బిగించాడు. సంచిలో ప్రయాణ భయానికి పాలిపోయి ఉన్న చేప, వదిలీ వదలగానే రాళ్ళ సందులో దూరింది. అంతే. ఇన్ని నెలలైనా మళ్ళీ అతని కంట పడలేదు.

"ఉందో పోయిందో, తింటోందో లేదో కూడా తెలీదు. ఆఫీసుకి వెళ్ళినట్టు రోజూ వెళ్ళి ఆ అద్దం ముందు కూర్చుంటున్నాను. ఆదివారం చెన్నై నించి, హైదరాబాద్ నించి చేపలు పెంచే మనవాళ్ళు వస్తున్నారు, దాన్ని చూడ్డానికే. అందరికీ చెప్పేశాను. అందుకే, రేపు రాళ్ళన్నీ తీసేస్తాను మేడమ్. ఉత్త గాజుతొట్టి అయితే ఇంక ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికో అక్కడికి పోతుందిలే" అన్నారామె.

తలదాచుకునే చోటు తీసేస్తే లోతు చేప బెదిరి తిండి మానేస్తుందనీ, తిండి మానేసింది ఎన్నాళ్ళో బతకదనీ అతనికి తెలుసు. ఆ పాఠం చెప్పింది ఆమే. తెలియనివాడికి చెప్పొచ్చు. తెలిసినవాడు మోహం కొద్దీ వచ్చి అనుమతి అడుగుతుంటే ఏ తర్కం పనికొస్తుంది? ప్రేమించాననేవాడు ప్రేమించినదాన్ని సంతలో నిలబెడతానంటే, అందులో ప్రేమ ఎంత, సంత ఎంత అని నిలదియ్యాలనిపిస్తుంది. భ్రమరాంబ గారు నిలదియ్యలేదు. చేతికంటిన ఉప్పు కడుక్కుని, "పద, చూద్దాం" అన్నారు.

వాళ్ళు ఎంవీపీ కాలనీలో చక్రధర్ ఇంటికి చేరేసరికి స్వరూప బ్యాంకు నించి అప్పుడే వచ్చి బ్యాగు దించుతోంది.

"రండి మేడమ్. మా సవతిని చూడ్డానికి వచ్చారా? ఆవిడ ఘోషా మనిషి. మగవాళ్ళకే కాదు, ఆడవాళ్ళకీ దర్శనం లేదు."

"నువ్వూ కూర్చో అమ్మాయ్, ఇవాళ దర్శనం ఉందేమో" అని భ్రమరాంబ గారు తొట్టి వైపు తిరిగి, "ముందు ఆ లైట్లు ఆర్పు" అన్నారు.

"లైట్లు ఆర్పితే ఇంకేం కనబడుతుంది మేడమ్?" అన్నాడు చక్రధర్.

"వేసినన్నాళ్ళూ ఏం కనబడిందయ్యా?"

అతను ఆర్పేశాడు. ఆమె కిటికీ తెరలు కూడా వేయించారు. మూలనున్న చిన్న నీలం బల్బు ఒక్కటే ఉంచారు. అద్దానికి ముక్కు ఆనించినట్టు వేసుకునే అతని కుర్చీని గోడ దాకా వెనక్కి జరిపించారు. ముగ్గురూ కూర్చున్నారు. నీళ్ళు తిప్పే మోటారు సన్నగా గురగురలాడుతోంది. చక్రధర్ మెడ ముందుకి సాగుతుంది. ఆమె చూపు తగిలి మళ్ళీ వెనక్కి వస్తుంది. పోగా పోగా అతను కదలడం మరిచిపోయాడు. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు గదంతా నీలంగా నిలిచిపోయింది.

అప్పుడు రాళ్ళ మధ్య నీడ ఒకటి విడివడింది. బూడిదరంగు చేప. ఒంటి మీద వెలిసినట్టున్న పట్టీలు. తొందరేం లేకుండా వెనక గోడ వెంట నడిచి, అక్కడ అంటుకున్న నాచు కొరుక్కుని, మెల్లగా తిరిగింది.

"ఓ, ఇదా!" అంది స్వరూప, మామూలు గొంతుతో. "ఇది రోజూ తిరుగుతూనే ఉంటుందిగా."

చక్రధర్ ఆమె వైపు తిరిగాడు. "రోజూనా?"

"తెల్లారకముందే నేను పాలు పొయ్యి మీద పెట్టడానికి వస్తాను కదా, మీ లైట్లు వెలగకముందు. నేను అటు వెళుతుంటే ఇదీ అటు వస్తుంది. ఒక్కోరోజు ఆగి నా వంక చూస్తుంది కూడా."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఎర్ర చేప కనబడిందా అని కదా మీరు అడిగేది. ఎర్రది కనబడలేదు, లేదన్నాను. ఇది రాళ్ళతో పాటు వచ్చిన ఏదో ఊరూ పేరూ లేని చేప అనుకున్నాను. బాగా తింటుంది మాత్రం. తొట్లో మిగతా చేపలకి వేసినదాంట్లో అడుగున పడ్డదంతా దీనిదే."

ఆ చీకట్లోనూ అతని ముఖం వాడిపోవడం తెలిసింది. భార్య మీద అసూయో, చేప మీద అలకో, తన మీద తనకి సిగ్గో. బతికే ఉంది, తింటోంది, తిరుగుతోంది. తను తప్ప ఇంట్లో అందరూ తెలుసు దానికి.

"ఎరుపేది మేడమ్?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

"ఈ నీలం బల్బు వెలుగులో ఎరుపు ఉండదు. చేప పుట్టిన లోతుకీ ఎరుపు చేరదయ్యా. ఆ వెలుగుని సముద్రం పైపైనే తాగేస్తుంది. అక్కడ దాన్ని ఎర్రగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. దాని జోడు కూడా చూసి ఉండదు."

చేప ఇంకా ముందుకి వచ్చింది. అతనికి సరిగ్గా ఎదురుగా, అద్దానికి అవతల నిలబడింది. పక్క రెక్కలు మాత్రం ఆడుతున్నాయి. దాని కన్ను గుండ్రంగా తిరిగి అతని మీద ఆగింది. ఎన్నేళ్ళుగా కలలో ఈదిన చేప! అతను చేతులు ఒళ్ళో కట్టేసుకున్నాడు. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకున్నారు. ఆ కాసేపట్లో అతనికి ఏ లోటూ ఉండాల్సిన పని లేదు.

"లోపల ఉంది కదా మేడమ్?" అన్నాడు గుసగుసగా. "ఆ ఎరుపు. ఇక్కడే, ఈ బూడిద వెనకే ఉంది కదా?"

"ఉంది."

"ఒక్కసారి..."

ఆమె వద్దనలేదు. వద్దని ఉంటే ఆగేవాడే. కానీ తనని ఆమె ఆపారని బతుకంతా అనుకునేవాడు. స్వరూప మాత్రం చెయ్యి చాచబోయింది, అందలేదు. చక్రధర్ జేబులోంచి ఫోను తీశాడు, బొటనవేలు కదిలింది, టార్చి వెలిగింది.

ఒలిచిన దానిమ్మ. ముద్ద ఎరుపు, దాని మీద దానిమ్మ పొరల్లాంటి తెలుపు. ఏ ఫోటోలోనూ లేని ఎరుపు. అది కంటికి అందిందో లేదో, తోక కొట్టిన చోట ఇసుక లేచింది. వెలుగులో ఖాళీ నీళ్ళూ, రాళ్ళూ, అద్దం మీద అతని సొంత ముఖమూ మిగిలాయి.

"ఆపుకోలేరా మీరు!" అంది స్వరూప. లేచి తనే ఆ టార్చి ఆర్పింది.

మళ్ళీ చీకటిలో కూర్చున్నారు. చేప రాలేదు. పక్కింట్లో కుక్కరు కూతలు వినిపించాయి, వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. చేప రాలేదు. చక్రధర్ లేచి, తెల్లటి లైట్ల తీగలు ప్లగ్గులోంచి ఊడబీకి చుట్టకట్టాడు. తర్వాత వసారాలోకి వెళ్ళి చెన్నై మిత్రుడికి ఫోను చేశాడు. లోపలికి అతని మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆదివారం రావద్దురా. లేదు, లేదు, బతికే ఉంది, నిక్షేపంలా ఉంది. చూపించడం కుదరదు, అంతే. ... అబద్ధం చెప్పానంటారా మీరంతా? అనుకోండి. ... రాళ్ళా? ఎందుకు తీస్తాను? తియ్యను."

ఇంత గొప్ప సేకరణదారుడి పరువు అవతలివాళ్ళ నవ్వులో కొట్టుకుపోతుంటే, అతను ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని విన్నాడు. విని లోపలికి వచ్చాడు. భ్రమరాంబ గారు అప్పటికే బయల్దేరుతున్నారు. స్వరూప కాఫీ తాగి వెళ్ళమంది. ఇంకోసారి వస్తానన్నారు. చక్రధర్ గుమ్మం దాకా వచ్చాడు. రాళ్ళ జోలికి పోనందుకు మెచ్చుకుంటారేమోనన్న ఆశ అతని ముఖంలో లేకపోలేదు. కానీ నోటి నించి వచ్చింది వేరే మాట.

"పర్వాలేదు మేడమ్. ఇంక అది బయటికి రాకపోయినా పర్వాలేదు. ఒక్కసారైనా చూశాను."

ఆమె మెట్లు దిగుతున్నారు. మోకాళ్ళ నొప్పి వల్ల రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాలి. మూడో మెట్టు మీద ఆగి, రెయిలింగు మీద చెయ్యి అలాగే ఉంచి, వెనక్కి తిరిగారు.

"చూశావు నాయనా," అన్నారు, "పారిపోతున్నదాన్ని."