ఒళ్లు వాచే దుప్పి

అనగనగా, వాగు పక్కన రెల్లుగడ్డి ఏపుగా పెరిగే ఒక అడవిలో చుక్కల దుప్పుల మంద ఉండేది పిల్లలూ. ఆ మందకు పెద్ద పొగడ. పొగడకు ఒక్కతే చెల్లెలు. దాని పేరు కలివె.

కలివెకు ఒక బాధ ఉండేది. వానలు పడితే గడ్డినిండా నెత్తురు పీల్చే పిడుదులు పుడతాయి కదా! మిగతా దుప్పుల్ని పిడుదు కుడితే కాసేపు దురద, అంతే. కలివెను కుడితే ఒళ్లంతా వాచిపోయేది. జ్వరంతో గజగజ వణికేది. దాని కూతురు చివురుకూ అంతే.

మొదటి వానాకాలం మంద జాలిపడింది. రెండో వానాకాలం కలివె మేసిన చోట ఎవరూ మేయలేదు. మూడో వానాకాలం దుప్పులన్నీ కలిసి పొగడ దగ్గరికి వచ్చాయి.

"నీ చెల్లెలిది అంటురోగం. దాన్ని పంపించెయ్. లేకపోతే మేం ఇంకో పెద్దను చూసుకుంటాం" అన్నాయి.

రాళ్లగుట్ట మీద ఒక ముసలి ఉడుము ఉండేది. దానికి రోగాల సంగతి బాగా తెలుసు. పొగడ అక్కడికి పరిగెత్తింది.

"తాతా, మా కలివెది అంటురోగమా?"

"కాదమ్మా" అంది ఉడుము. "పరాయిదేదైనా లోపలికి దూరితే తరిమికొట్టడానికి ప్రతి ఒంట్లోనూ కావలివాళ్లుంటారు. నీలోనూ ఉన్నారు, కలివెలోనూ ఉన్నారు. వాళ్లు ఎంత త్వరగా లేవాలి, ఎంత గట్టిగా పోట్లాడాలి, ఎప్పుడు ఆగాలి అన్నది పుట్టుకతో వస్తుంది. ఒక తల్లి పిల్లలకైనా ఒకేలా రాదు. నీలో నిదానంగా లేస్తారు. కలివెలో చిటికెలో లేచి, చిన్న పిడుదుకే పెద్ద యుద్ధం చేస్తారు. అందులో దాని తప్పేముంది? అది ఎవరికీ అంటదు."

మన ఒంట్లోనూ ఇంతే పిల్లలూ. కావలివాళ్లకు అమ్మానాన్నల నుంచి వచ్చే ఆ ఆజ్ఞల్నే పెద్ద చదువుల్లో జన్యువులు అంటారు.

పొగడ తిరిగొచ్చింది. మందంతా గుడ్లురిమి చూస్తోంది. నిజం చెప్పి చెల్లెల్ని ఉంచుకుంటే పెద్దరికం పోతుంది.

"అక్కా, ఉడుము తాత ఏమన్నాడు?" అని ఆశగా అడిగింది కలివె.

పొగడ తల వంచుకుంది. "అంటురోగమే అన్నాడు."

కలివె రెండడుగులు వెనక్కి వేసింది. "అయితే నేనిక్కడ ఉండకూడదక్కా. మందలో పసిపిల్లలున్నారు" అంది. చివురును వెంటబెట్టుకుని వాగు దాటి వెళ్లిపోయింది.

ఎండాకాలం వచ్చింది. అడవిలోకి ఒక కొత్త జ్వరం వచ్చింది. మందలో దుప్పులు ఒక్కొక్కటిగా పడిపోయాయి. పొగడ కొడుకు మోదుగ మొదటి రోజు మేత మానేశాడు. రెండో రోజు లేవలేకపోయాడు. మూడో రోజు పొగడ ఎంత నాకినా కళ్లు తెరవలేదు.

"మీ కావలివాళ్లు లేచేసరికే రోగం ఒళ్లంతా పాకిపోయింది తల్లీ" అంది చూడ్డానికి వచ్చిన ఉడుము. "చిటికెలో లేచేవాళ్లున్న ఒళ్లే దీన్ని తట్టుకుంటుంది."

మందలో సగం మిగిలింది. పొగడ వాగు దాటి చెల్లెల్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఒక పొద మాటున చివురు ఒంటరిగా కనిపించింది.

"అమ్మేదీ?"

"రేచుకుక్కలు పట్టుకుపోయాయి పెద్దమ్మా. నేను మేస్తుంటే అమ్మ కాపలా కాసేది. అమ్మ మేస్తుంటే నేను కాసేదాన్ని. ఆ రోజు నాకు పిడుదు కుట్టకుండానే జ్వరం వచ్చింది. అవి రావడం చూడలేకపోయాను. మర్నాటికి జ్వరం పోయింది. అమ్మ లేదు."

పొగడ ఏడుస్తూ దగ్గరికి వెళ్లబోయింది. చివురు గబగబా వెనక్కి జరిగింది.

"రాకు పెద్దమ్మా! నా వాపు నీకు అంటుకుంటుంది. అమ్మ ఎవర్నీ తాకొద్దంది. తను కూడా రోజూ ఒడ్డు దాకా వచ్చి, మిమ్మల్ని దూరం నుంచే చూసి వెళ్లేది."

"అంటదమ్మా" అంది పొగడ. "అప్పుడూ అంటేది కాదు. నాకు తెలుసు."

చివురు వెనక్కి జరగడం ఆపింది.

"అమ్మకు తెలుసా?"

"తెలీదు. నేను చెప్పలేదు."



పొగడ దాన్ని మందలోకి తీసుకొచ్చింది. అందరి ముందూ నిలబడి తను ఆడిన అబద్ధం చెప్పింది. పెద్దరికం వదిలేసింది. ఆ వానాకాలం చివురు ఒళ్లు వాచినప్పుడు, పొగడ పగలంతా పక్కనే కూర్చుని ఈగలు తోలింది. చివురు వద్దనలేదు. కానీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నీతి: పుట్టుకతో వచ్చిన ఒంటి తీరు ఎవరి తప్పూ కాదు. ఆ నిజం తెలిసీ, భయపడి దాచిపెడితే, తర్వాత ఎంత ఏడ్చినా పోయినవాళ్లు తిరిగిరారు.