గోడకేసి తిరిగిన ముఖాలు

పిల్లలూ, తల్లులూ, ఇంకాస్త దగ్గరగా జరగండి. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి. మన తాతల తాతలకంటే ముందటి ముచ్చట.

కంచుమెట్ట అనే ఊళ్లో రుద్రాచారి గంటలు పోసేవాడు. ఆయన కొలిమిలో సూరమ్మ ఏళ్ల తరబడి తిత్తి ఊదుతోంది. తిత్తి ఊదినవాళ్లకు కడుపు నిండీ నిండని కూలి. ఏ లోహం ఎంత కలపాలో ఆ పాళ్లు తెలిస్తే దానికి మూడింతలు. మరి పాళ్లు తెలిసేదెలా? కరిగిన రాగిలో ఆచారి తగరం కలిపేవేళ పనివాళ్లంతా గోడకేసి తిరగాలి. అదీ అక్కడి ఆచారం. నేర్పితే పక్క ఊరికి ఎగిరిపోతారని ఆయన భయం.

ఒకనాడు రాజుగారి కబురొచ్చింది. కొండమీది స్వామికి ఏనుగంత గంట కావాలి. ఉత్సవానికి అందకపోతే ఇకమీదట గంటల పనంతా పొరుగు దేశానికేనట. అంటే ఇక్కడి కొలిమి ఆరినట్టే. సూరమ్మ ఇంట్లో పొయ్యి కూడా.

అంత గంటకు మూడు కొలుముల లోహం ఒకేసారి సిద్ధం కావాలి. పాళ్లు తెలిసిన మనిషి మాత్రం ఒక్కడే.

ఆచారి మూడింటి మధ్యా పరుగులు తీశాడు. మూడోదాని దగ్గరికి చేరేసరికి మొదటిదాంట్లో లోహం చల్లబడింది. అలాగే పోస్తే గంట నిలువునా చీలింది. రెండోసారి ఇంకా వేగంగా పరుగెత్తాడు. ఆ కంగారులో ఒక కొలిమిలో తగరం రెండుమార్లు వేశాడు. లోపల వేలాడే నాలుక తగలగానే గంట పెంకులా విరిగింది.

ఆచారి తల పట్టుకుని కూలబడ్డాడు. సూరమ్మ మెల్లగా అంది:

"తగరం మళ్లీ వేస్తున్నారని చెప్పడానికి మాకూ కళ్లున్నాయయ్యా. అవి గోడను చూస్తున్నాయి."

"నేర్చుకుని నువ్వు వెళ్లిపోతేనో?"

"నేర్చినదానికి తగ్గ కూలి ఇక్కడే దొరికితే ఎక్కడికి పోతాను? పోయేవాళ్లు పనేమీ రాకుండానే పోతున్నారు కదయ్యా."

ఆచారి లేచి నిలబడ్డాడు. ఆనక స్వామికి దణ్ణం పెట్టుకుని, "ఇటు తిరగండమ్మా" అన్నాడు.

పాళ్లు చెప్పి, సూరమ్మచేత, అచ్చులు మోసే గంగన్నచేత చిన్న గంటలు పోయించాడు. తప్పితే తిట్టాడు, మళ్లీ పోయించాడు. మూడోసారి ముగ్గురూ మూడు కొలుముల దగ్గర నిలబడి ఒక్క ఊపిరిలో లోహం వంచారు. ఉత్సవం నాడు ఆ గంట మోగితే ఏటి అవతలి పశువులు కూడా తలెత్తాయట.

సూరమ్మకు పాళ్లవారి కూలి వచ్చింది. గంగన్న మాత్రం పొరుగూళ్లో సొంత కొలిమి పెట్టుకున్నాడు. "చూశావా, ఎగిరిపోయాడు" అని ఆచారి సూరమ్మను దెప్పాడు. అయితే మరుసటేడు ఇంకా పెద్ద గంటకు పిలుపు వస్తే, తన గరిటె భుజాన వేసుకుని అందరికంటే ముందు వచ్చింది ఆ గంగన్నే.

కథంతా మరిచినా సరే, ఆచారి "ఇటు తిరగండమ్మా" అన్నాడే, ఆ ఒక్కటి గుర్తుంచుకోండి. మీ పక్కన నేర్చుకోవాలని నిలబడ్డవారితో మీరూ అదే మాట అనండి. పని నేర్పి, తగ్గ కూలి ఇచ్చినవారి కొలిమి ఎన్నటికీ ఆరదు.