పేరిందేవమ్మ గ్రైండరు

అనగనగా ఒక ఊళ్ళో, ఒక ఇరుకు సందులో, పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక కొడుకు, ఒక కోడలు, ఒక గ్రైండరు. వాటిలో ఏదంటే ఎక్కువ ఇష్టమో నన్నడక్కు.

గ్రైండరంటే మన మిక్సీ లాంటిది కాదు బంగారం. నీ అంత ఎత్తు ఇనప పెట్టె, దాని మీద పెద్ద రాతి గిన్నె. అరుగు పక్క గదిలో మంచానికీ గోడకీ మధ్య ఉండేది. పేరిందేవమ్మ రోజూ అందులో పిండి రుబ్బి సందంతటికీ పోసేది. కోడల్ని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. "నీ చేతికి పిండి పొంగదే," అనేది.

ఒకసారి వాస్తు చూసే ఆయనొచ్చి ఆ గది వాకిలి మరీ వెడల్పన్నాడు. పేరిందేవమ్మ వెంటనే జానెడు తగ్గించి కొత్త గుమ్మం పెట్టించింది. లోపల గ్రైండరుందని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఆవిడకి ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రిలో చేర్చారు. నెల తిరిగాక డాక్టరు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు గానీ చక్రాల మంచం కావాలి, పక్కన మనిషి నిలబడే చోటు కావాలి అన్నాడు. మేడ మెట్లు ఆవిడ ఎక్కలేదు. కింద ఉన్నది ఆ ఒక్క గదే. గ్రైండరు బయటికి రావాల్సిందే.

అప్పుడు నలుగురు హమాలీలు వచ్చారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, గోడకి సున్నం రాల్చి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మెకానిక్కు వచ్చాడు. మోటారు విప్పాడు, రాళ్ళు దించాడు. ఇనప పెట్టె మాత్రం వాకిట్లో పట్టలేదు.

ఆ తర్వాత వడ్రంగి వచ్చాడు. గుమ్మం పెకిలించాలన్నాడు.

ఎదురింటి వరాలమ్మ పరుగెత్తుకొచ్చింది. "మనిషి ఆ గడప దాటి వెళ్ళిందమ్మాయ్. మళ్ళీ ఆ గడపే దాటి రావాలి. కదపకు."

"అది చెక్క పిన్నిగారూ. నాకు మంచం ముఖ్యం," అని కోడలు గుమ్మం తీయించేసింది.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో పేరిందేవమ్మ మాట ముద్దగా అడిగింది. "నా గ్రైండరు ఉందా?"

"ఎక్కడికి పోతుందత్తయ్యా? మీరు పెట్టించిన వాకిట్లో పడితేగా," అంది కోడలు.

అబద్ధమే. అప్పటికే అది అరుగు మీద గోనెపట్టా కింద ఉంది. పేరిందేవమ్మ సగం మూతితో నవ్వింది.

మర్నాడు ఇంటికి తేవాలి. ఆ తెల్లవారుజామునే ఆవిడ పోయింది.

గుమ్మం తీస్తే మనుషులు పోరు. డాక్టరూ అదే చెప్పాడు, కోడలూ అదే అనుకుంది. ఇప్పటికీ అనుకుంటూనే ఉంది.

పేరిందేవమ్మ ఇంటికైతే వచ్చింది, లోపలికి రాలేదు. అరుగు మీదే, గ్రైండరు పక్కనే పడుకోబెట్టారు.

ఆ తర్వాత ఆవిడ దినం నాడు గారెలు వండాలి. వచ్చేవాళ్ళు అరవై మంది. మెకానిక్కు వచ్చి గ్రైండరు అరుగు మీదే మళ్ళీ బిగించాడు. కోడలు మొదటిసారి దాని మీద చెయ్యి వేసింది. పిండి వెన్నలా వచ్చింది. వంక పెట్టే మనిషే లేదు.

"అమ్మమ్మా, ఆ కోడలు ఎవరు?"

"నీ మంచం కింద నేల మీద నాలుగు తుప్పు మచ్చలున్నాయి. గ్రైండరు కాళ్ళవి. ఎంత తోమినా నాకు పోలేదు. పొద్దున చూద్దువు గానీ, పడుకో."

కథకి కంచి దారి చిక్కింది,
నీ కంటికి నిద్ర దక్కింది.