శాసనానికి కట్టిన గేదె

వెనకటికి ఒక సంస్థానంలో కూలిజనం చదువుకునే సాయంకాలపు బడి ఉండేది. గ్రామాధికారి వీరభూపతి ఆ బడికి కేటాయించిన సొమ్ము ఆపేసి, దాన్ని మూయించి, తన గొప్పలు చెక్కించిన శాసనం ఊరి మొదట్లో నాటించాడు.

బుట్టలల్లే సింగమ్మకు అప్పటికి సగం అక్షరాలే వచ్చాయి. పొద్దువాలితే అందరూ గొంతు కలిపి చదివిన గుణింతాలు గుర్తొచ్చి ఉండబట్టలేకపోయేది. ఒకనాడు తన గేదెను తెచ్చి శాసనానికి కట్టేసింది.

"ఒసే, నా కీర్తికి గేదెను కడతావా?" అని వీరభూపతి ఊగిపోయాడు.

"తమ కీర్తా దొరా! ఊరందరినీ అడిగాను, గేదెల కోసం పాతిన రాయన్నారు. చదవడం వస్తే ఎందుకు కడతాం?"

చుట్టూ జనం అమాయకంగా తలలూపారు. మర్నాడే బడి తెరుచుకుంది.

ముసలితనంలోనూ సింగమ్మ ఆ సాయంత్రాలనే తలుచుకునేది. "మొదటిసారి నా పేరు రాసుకున్నాక, చెరపడానికి మనసొప్పక పలకను పక్కలో పెట్టుకుని పడుకున్నాను" అనేది.