నాలుగు వేళ్ళ మడత

ఖాసిం మాస్టారి దగ్గర కుట్టుపని నేర్చుకునేవాళ్ళకి ఒక విషయం మొదటి రోజు నుంచీ చిరాకే. చేతి అంచయినా, కింది అంచయినా నాలుగు వేళ్ళ బట్ట లోపలికి మడిచి కుట్టమంటారాయన. ఎందుకని అడిగితే చెప్పరు. రాజోలులో మిగతా టైలర్లందరూ ఒక వేలితో సరిపెట్టేస్తారు.

ఆ రోజు ఆయన శిష్యుడు దయాకర్‌కి విసుగు నెత్తికెక్కింది. పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చి, టాప్ పొట్టిగా ఉందని కాలేజీ గేటు దగ్గర ఆపేశారంది. ఆమె అటు వెళ్ళగానే రైస్ మిల్లులో పనిచేసే ఆవిడొచ్చి, టాప్ పొడుగ్గా ఉంటే బెల్టులో పడుతుందని సూపర్‌వైజర్ తిట్టాడంది. దయాకర్ కత్తెర బల్ల మీద పడేశాడు.

"ఒకళ్ళు దించమంటారు, ఒకళ్ళు ఎత్తమంటారు. మనిషి ఒళ్ళు ఎక్కడైనా ఒకటే కదా మాస్టారూ! అసలు ఎవరిది కరెక్టో ఒక్క మాట చెప్పండి, అందరికీ అదే కుట్టి పారేద్దాం."

మాస్టారు సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉన్నారు.

ఇంతలో సువార్త వచ్చింది. ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు, గల్ఫ్‌లో ఉద్యోగం కుదిరింది. చేతిలో రెండు యూనిఫారాలున్నాయి. ఆర్నెల్ల కిందట ఇక్కడే కుట్టించుకుంది.

"దయాకరన్నా, కొంప మునిగింది. ఇక్కడ మా హెడ్ నర్సేమో మోచెయ్యి కనబడకపోతే వార్డులోకే రానివ్వదు, చేతులు కడుక్కోడానికి అడ్డమంటుంది. అక్కడేమో మోచెయ్యి కనబడకూడదని ఏజెంటు కాయితం పంపాడు. నాలుగింటికల్లా వేసుకుని ఫొటో దిగాలి. లేకపోతే నా చోటు ఇంకో అమ్మాయికిచ్చేస్తాడంట. నా మోచేతిలో ఏముందో నాకైతే ఇంతవరకూ తెలీదు!"

గడియారంలో రెండున్నర. మాస్టారు ఒక యూనిఫారం అందుకుని చేతి అంచు కుట్టు విప్పారు. నాలుగు వేళ్ళ బట్ట కిందకి జారింది. సువార్త వేసుకుని చూసుకుంది. మోచెయ్యి మునిగింది.

"ఇక్కడ రంగు వేరేగా ఉందండి" అంది. నిజమే. పై చెయ్యి ఉతికి ఉతికి వెలిసిపోయింది, విప్పిన పట్టీ ముదురు నీలంగా ఉంది.

"ఇన్నాళ్ళూ లోపలుంది కదమ్మా. నాలుగు ఉతుకులకి కలిసిపోద్ది."

రెండోది దయాకర్ విప్పాడు. లోపల ఒక వేలు బట్ట కూడా లేదు. అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అది తను కుట్టిందే. మడత లావుగా కనబడుతోందని, మాస్టారు నమాజుకి వెళ్ళినప్పుడు చక్కగా కత్తిరించేశాడు. ఆ ముక్కలే ఇప్పుడు తన స్టూలు మీద మెత్తలో ఉన్నాయి. లేచి మెత్త చింపి చూశాడు. నూనె మరకలు, సన్నటి పేలికలు. ఒక్కటీ అతుక్కి పనికొచ్చేలా లేదు.

"అబ్బ! ఎన్నిసార్లు చెప్పాన్రా" అన్నారు మాస్టారు. అంతకుమించి తిట్టలేదు. అదే దయాకర్‌కి ఎక్కువ కాలింది.

"పోన్లే అన్నా" అంది సువార్త. "ఫొటోకి ఒకటి చాలు. అక్కడ అదే రోజూ ఉతుక్కుని ఆరేసుకుంటా. జీతం వచ్చాక ఇంకోటి కుట్టించుకుంటాగా." పొట్టి చేతుల యూనిఫారాన్ని బల్ల మీదే వదిలేసి, నాలుగింటికి అందుకోవాలని గబగబా వెళ్ళిపోయింది.

దయాకర్ దాన్ని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"అయినా మాస్టారూ, నేనడిగిందానికి మీరు జవాబే చెప్పలేదు. ఇక్కడి హెడ్ నర్సు కరెక్టా, అక్కడివాళ్ళు కరెక్టా?"

మాస్టారు కొత్త బట్ట ఒకటి అతని ముందు పరిచి, కత్తెర చేతిలో పెట్టారు.

"అది తేలేదాకా మడత కొయ్యకు."