కూర్మన్న అన్న మాట

అనగా అనగా, కొండల నడుమ ఒక చిన్న ఊరమ్మా. ఆ ఊళ్ళో కూర్మన్న అని ఒక బోయీ ఉండేవాడు. బోయీ అంటే పల్లకీ మోసేవాడన్నమాట. కూర్మన్న, వాడి నేస్తం పైడన్న, ఇంకో ఇద్దరు కలిసి రత్నాయమ్మ దొరసాని పల్లకీ మోసేవాళ్ళు. నలుగురిదీ ఒకే ఈడు, ఒకే ఎత్తు. "ఓహోం, ఓహోం" అంటూ వాళ్ళు పరుగెడితే, లోపల దొరసాని హాయిగా నిద్రపోయేది.

ఆవిడ కొత్త పెళ్ళికూతురుగా ఆ ఊరొచ్చినప్పుడు మోసుకొచ్చింది కూడా వాళ్ళే. అప్పటికి నలుగురికీ నూనూగు మీసాలు. ఆ తర్వాత ఏళ్ళు గడిచిపోయాయి.

ముసలితనం చెప్పి రాదు తల్లీ. ముందు కూర్మన్న జుట్టు తెల్లబడింది. తలపాగా చుట్టుకుంటే ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత కళ్ళకి పొర కమ్మింది. దారి వాడి అరికాళ్ళకి తెలుసు కాబట్టి అదీ బయటపడలేదు. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. లేస్తుంటే లోపల గులకరాళ్ళు రాసుకున్నట్టు ఒకటే చప్పుడు. అది మాత్రం దాగలేదు.

ఒకనాడు ఏరు దాటుతుంటే వాడి మోకాలు మడతపడిపోయింది. పల్లకీ ఒరిగింది. పైడన్న ఎలాగో నిలబెట్టాడు గానీ, దొరసాని చీరంతా తడిసింది. కూర్మన్న తలపాగా ఏట్లో కొట్టుకుపోయింది.

అప్పుడు దొరసాని తెర తీసి చూసింది. ఆవిడకీ వయసైపోయిందిలే. పళ్ళూడి బుగ్గలు లోపలికి పోయాయి. మెడ కింద చర్మం వేలాడుతోంది. అయినా జుట్టుకి నల్లరంగు పూసి, సవరం పెట్టి, పూలు తురుముకునేది. కూర్మన్న తెల్లజుట్టు చూసి నోరు తెరిచింది.

"ఎప్పుడిలా అయిపోయావురా?" అంది.

"తమరితోపాటే తల్లీ" అన్నాడు కూర్మన్న.

పాపం, వాడు మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట ఆవిడకి సూదిలా గుచ్చుకుంది. మొహం మాడ్చుకుంది. "ముసలాళ్ళు మోస్తే నన్నూ ముసలిదనే అనుకుంటారు జనం. రేపట్నించి నువ్వు రావద్దు" అని తెర వేసేసుకుంది.

మర్నాడు వాడి చోట్లో ఒక కుర్రాణ్ణి పెట్టారు. వాడు భుజం ఎత్తగానే పల్లకీ ఒకవైపు లేచి, మిగతాదంతా కిందికి వాలిపోయింది. ఎందుకో తెలుసా? మిగిలిన ముగ్గురూ కూడా పొట్టయిపోయారమ్మా. వయసొస్తే వెన్ను అరిగి, నడుం వంగి, మనిషి కుంచించుకుపోతాడు. నలుగురూ ఒకలాగే కుంగారు కాబట్టి అన్నేళ్ళూ పల్లకీ ఒరగలేదు, ఎవరికీ తెలియలేదు.

అప్పుడు దొరసాని ఆ ముగ్గుర్నీ కూడా పంపించేసింది.

పైడన్న తిన్నగా కూర్మన్న ఇంటికొచ్చాడు. "ఆ మాట అనకపోతే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నాడు.

"నేనన్నది నిజమే కదరా."

"నిజం కూడు పెడతాదేట్రా? మా ముగ్గురి నోట్లోనూ మట్టి కొట్టావు!"

అలా అని విసురుగా వెళ్ళిపోయాడు.

కూర్మన్న మనసు ఊరుకోలేదు. కర్ర పోటేసుకుంటూ పైడన్న ఇంటికెళ్ళాడు. పైడన్న మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పైడన్న తలుపేసేసుకున్నాడు. కొన్నాళ్ళు ఆగి ఇంకోసారి వెళ్ళాడు. పైడన్న వీధిలోనే, అటు తిరిగి కూర్చున్నాడు. "ఒరే పైడీ" అని కూర్మన్న పిలిచాడు. పలకలేదు. గొంతు చించుకుని పిలిచాడు. ఊహూఁ. వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో కూర్మన్నకి తెలియలేదు. ఆ ఈడులో చెవులు కూడా పోతాయి కదమ్మా. ముందుకెళ్ళి ఆ మొహంలోకి చూసే ధైర్యం వాడికి లేకపోయింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. అప్పుడే వీధిలోంచి కొత్త కుర్రాళ్ళు పల్లకీ మోసుకుపోతున్నారు. కూర్మన్న లేవబోయాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు. చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. అన్నేళ్ళూ పల్లకీ కర్ర ఒరిసి ఒరిసి అక్కడ గట్టిగా కాయ కాసింది. ఒంట్లో కండంతా కరిగిపోయింది, చర్మం ఎముకకి అంటుకుపోయింది, ఆ కాయ మాత్రం కరగలేదు. దాన్ని పట్టుకుని అలా కూర్చుండిపోయాడు.

కథ కంచి దారి పట్టింది, నీ కంటికి కునుకు పట్టింది.